హితకారిణి సమాజం

హితకారిణి సమాజం సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులు 1906లో రాజమండ్రిలో (ప్రస్తుత రాజమహేంద్రవరం) స్థాపించిన సేవాసంస్థ. బాల్యంలోనే భర్తను కోల్పోయిన బాలికలకు, నిరాధారులకు ఆశ్రయం కల్పించడం, బాలబాలికలకు కులభేదం లేకుండా విద్య నేర్పడం దీని ముఖ్యోద్దేశాలు. సంతానం లేని వీరేశలింగం, రాజ్యలక్ష్మమ్మ దంపతులు తమ ఆస్తిని ఈ సమాజానికి సమర్పించారు. గోదావరి మండలంలో ఒక వ్యక్తి ఉద్యమంగా ప్రారంభమైన సేవ శాశ్వత సంస్థగా మారడానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

నేపథ్యం

1852లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత రాజమండ్రి మొదలుకొని పాలకొల్లు, నరసాపురం వరకు గల డెల్టా ప్రాంతం కాలువల నీటితో సస్యశ్యామలమైంది. అయితే ఈ సంపద ఆనాటి బాలికల స్థితిని మార్చలేదు. అగ్రవర్ణాలలో, ముఖ్యంగా బ్రాహ్మణులలో, ఆడపిల్లకు రజస్వల కాకముందే వివాహం చేయడం ఆచారంగా ఉండేది. కన్యాశుల్కం తీసుకొని చిన్నపిల్లలను వృద్ధులకు ఇచ్చి వివాహం చేయడం కూడా జరిగేది. దీనివలన కాపురానికి వెళ్ళకముందే వితంతువులైన బాలికలు అనేక కుటుంబాలలో ఉండేవారు. వీరికి పునర్వివాహం నిషిద్ధం. యుక్తవయస్సు వచ్చిన తరువాత శిరోముండనం చేయించి, శుభకార్యాలకు దూరంగా ఉంచేవారు. చదువు గాని, స్వంత జీవనోపాధి గాని లేనందున వీరు జీవితాంతం పుట్టింటివారి మీదనో, అత్తింటివారి మీదనో ఆధారపడవలసి వచ్చేది.

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కృషి ఫలితంగా 1856లోనే హిందూ వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. చట్టం అనుమతించినా సమాజం అనుమతించకపోవడం వలన తెలుగునాట చాలాకాలం వరకు దాని ప్రభావం కనిపించలేదు. పైగా ఆ చట్టం ప్రకారం తిరిగి వివాహం చేసుకొన్న స్త్రీ మొదటి భర్త ఆస్తిపై హక్కును కోల్పోయేది.

తొలి వివాహాలు

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో జన్మించాడు. 1874లో "వివేకవర్ధని" పత్రికను ప్రారంభించాడు. అదే సంవత్సరం ధవళేశ్వరంలో బాలికల కోసం పాఠశాల నెలకొల్పాడు. కన్యాశుల్క దురాచారాన్ని "బ్రాహ్మవివాహము" అనే ప్రహసనంలో అపహాస్యం చేశాడు. 1879లో వితంతు వివాహాలను సమర్థిస్తూ బహిరంగంగా ఉపన్యసించాడు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన ఇంటిలో తొలి వితంతు వివాహం జరిగింది. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. నాలుగు రోజుల తరువాత రెండవ వివాహం జరిగింది. కాకినాడకు చెందిన వర్తకుడు పైడా రామకృష్ణయ్య ఈ ఉద్యమానికి ధనసహాయం చేశాడు. స్థానిక విద్యార్థులు పెండ్లివారికి రక్షణగా నిలిచారు. వీరేశలింగం తన జీవితకాలంలో దాదాపు 40 వితంతు వివాహాలు జరిపించాడని ప్రసిద్ధి.

ఆశ్రయం ఎందుకు అవసరమైంది

వివాహం జరిపించడంతో సమస్య తీరలేదు. బహిష్కారం వధూవరులకే పరిమితం కాక, వారికి సహకరించిన కుటుంబాలకు కూడా వర్తించేది. పురోహితుడు, వంటమనిషి, నీళ్ళు తెచ్చే మనిషి కూడా దొరకని పరిస్థితి ఏర్పడేది. మొదట సానుభూతి చూపిన కొందరు మిత్రులు వెలికి భయపడి ప్రాయశ్చిత్తం చేసుకొన్నారు.

ఇటువంటి పరిస్థితిలో రెండు రకాల అవసరాలు ఏర్పడ్డాయి. మొదటిది, పునర్వివాహానికి అంగీకరించి పుట్టింటినుండి బయటకు వచ్చిన బాలికకు వివాహమయ్యేవరకు సురక్షితమైన నివాసం. రెండవది, వివాహమైన దంపతులకు ఇల్లు, జీవనోపాధి. అన్నిటికంటే కష్టమైన స్థితి పునర్వివాహం చేసుకోని వితంతువులది. వారికి విద్య తప్ప మరొక ఆధారం లేదు. వితంతు శరణాలయాలు ఈ అవసరాలనుండే పుట్టాయి. రాజమండ్రిలోను, మద్రాసులోను వీరేశలింగం ఇటువంటి శరణాలయాలను నిర్వహించాడు.

రాజ్యలక్ష్మమ్మ సేవ

వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ (పుట్టింటి పేరు బాపమ్మ) ఈ కార్యక్రమంలో సమాన భాగస్వామి. వంటవారు, నీళ్ళు తెచ్చేవారు మానివేసినపుడు ఆమె స్వయంగా గోదావరినుండి నీళ్ళు తెచ్చి, వివాహాలకు వచ్చినవారికి వంట చేసింది. ఆశ్రయం కోరి వచ్చిన బాలికలను తన ఇంటిలో ఉంచుకొని తల్లివలె ఆదరించింది. వీరేశలింగం తన "స్వీయచరిత్రము"లో ఆమె సహకారాన్ని కృతజ్ఞతతో పేర్కొన్నాడు. ఆమె 1910లో మరణించింది.

సమాజ స్థాపన

శరణాలయం, పాఠశాల రెండూ చాలాకాలం వీరేశలింగం సంపాదన మీద, మిత్రుల విరాళాల మీద నడిచాయి. ఒక వ్యక్తి ఆయుష్షుతో ముడిపడిన సేవ అతనితోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆశ్రయంలో ఉన్న బాలికల భవిష్యత్తు కూడా దానితోపాటే సందేహంలో పడుతుంది. ఈ కారణంగా 1906లో హితకారిణి సమాజాన్ని స్థాపించి, ఆస్తిని దాని పేరున ఉంచి, నిర్వహణను సమాజానికి అప్పగించాడు. వీరేశలింగం బ్రహ్మసమాజ సిద్ధాంతాలను అనుసరించినందున సమాజపు విద్యాసంస్థలకు "ఆస్తిక" అనే పేరు వచ్చింది. ఇచట ఆస్తికమనగా విగ్రహారాధన, కులభేదం లేని ఏకేశ్వరోపాసన అని అర్థం.

వీరేశలింగం 1919 మే 27న మద్రాసులో మరణించాడు. ఆ తరువాత కూడా సమాజం కొనసాగింది. శ్రీ కందుకూరి వీరేశలింగం ఆస్తిక ఉన్నత పాఠశాల, అదే పేరుగల కళాశాల, శ్రీ కందుకూరి రాజ్యలక్ష్మి మహిళా కళాశాల ఈ సమాజం ఆధ్వర్యంలో వెలసినవే. బాలవితంతువుల ఆశ్రయంతో మొదలైన కృషి ఈ విధంగా వేలాది విద్యార్థులకు, విద్యార్థినులకు ఉపయోగపడే సంస్థలుగా రూపొందింది. ఆ దంపతుల సమాధులు రాజమహేంద్రవరంలోని ఆనందోద్యానవనంలో ఉన్నాయి.

చట్టాలలో మార్పులు

సమాజం ఏ దురాచారం వలన అవసరమైందో దానిని అరికట్టే చట్టాలు క్రమంగా వచ్చాయి.

* 1891: సమ్మతి వయస్సు చట్టం ద్వారా బాలికల సమ్మతి వయస్సు 10 నుండి 12 సంవత్సరాలకు పెరిగింది.
* 1929: శారదా చట్టంగా పేరుపొందిన బాల్య వివాహ నిరోధక చట్టం బాలికలకు 14, బాలురకు 18 సంవత్సరాలు కనీస వివాహ వయస్సుగా నిర్ణయించింది.
* 1978: ఈ వయస్సును బాలికలకు 18, బాలురకు 21 సంవత్సరాలకు పెంచారు.
* 2006: బాల్య వివాహ నిషేధ చట్టం వచ్చింది. బాల్యంలో జరిగిన వివాహాన్ని రద్దు చేయమని కోరే హక్కు ఇందులో ఉంది.

ప్రాధాన్యత

చట్టం, ఉపన్యాసం, పత్రికారచన ప్రజల అభిప్రాయాన్ని మార్చగలవు గాని, ఇల్లు విడిచి వచ్చిన బాలికకు ఆ రాత్రి అన్నం, నీడ కల్పించలేవు. ఈ విషయాన్ని గుర్తించి, బాలికతోపాటు ఆమెకు అండగా నిలిచిన కుటుంబాన్ని కూడా ఆదుకోవడం వీరేశలింగం దంపతుల కృషిలోని విశేషం. నేటి బాలల సంరక్షణ సంస్థలు అనుసరించే తాత్కాలిక ఆశ్రయం, చదువు, ఉపాధి, కుటుంబానికి తోడ్పాటు అనే అంశాలు ఒక శతాబ్దం క్రితమే గోదావరి తీరాన ఆచరణలోకి వచ్చాయి.

ఇవి కూడా చూడండి

* కందుకూరి వీరేశలింగం
* కందుకూరి రాజ్యలక్ష్మమ్మ
* బ్రహ్మసమాజం
* కన్యాశుల్కం
* బాల్యవివాహాలు