అన్నీ డీసీఎంలే ఎందుకయ్యాయి? క్యాంపర్ కోసం పాత ట్రక్కు కొనే ముందు తెలుసుకోవాల్సిన కథ

పాత కంటైనర్ బండి ఒకటి కొని, లోపల మంచం, స్టవ్వు, చిన్న సింకు పెట్టుకుని ఊళ్లు తిరగాలని మీలో చాలామందికి ఉంది. నాకూ ఉంది. రెండు నెలలుగా ఆటోనగర్ షెడ్ల చుట్టూ తిరుగుతున్నా. ఉద్యోగంలో దాచుకున్న డబ్బు ఒక్క బండికే సరిపోతుంది, తేడా వస్తే రెండోది కొనే ఛాన్స్ లేదు. ఇంజిన్ మెకానిక్ చూస్తాడు. కానీ ఏ కంపెనీ బండి కొనాలి అనే దానికి సమాధానం 1980ల చరిత్రలో ఉంది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

‘డీసీఎం ఢీకొని ఇద్దరికి గాయాలు’ అని పేపర్లో ఎన్నిసార్లు చదివుంటారు? ఆ బండి దగ్గరికెళ్లి చూడండి. దాని మీద ఐచర్ అనో టాటా అనో ఉంటుంది. డీసీఎం అని ఎక్కడా ఉండదు. అసలు డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. అవును, 1889లో పుట్టిన బట్టల మిల్లు! మరి మిల్లు పేరు లారీకి ఎలా వచ్చింది?

అప్పట్లో మన రోడ్ల మీద సరుకు మోయాలంటే పెద్ద లారీ, లేదంటే మెటాడోర్ లాంటి చిన్న వ్యాను. మధ్య సైజులో చెప్పుకోదగ్గ బండి లేదు. 1980ల మొదట్లో కేంద్రం జపాన్ కంపెనీలతో పొత్తుకి తలుపులు తీసింది. నాలుగు జంటలు దిగాయి. ఢిల్లీ క్లాత్ మిల్స్ టొయోటాతో కలిసి యూపీలోని సూరజ్‌పూర్‌లో, పంజాబ్‌లో స్వరాజ్ వాళ్లు మాజ్దాతో, మధ్యప్రదేశ్ పీథంపూర్‌లో ఐచర్ వాళ్లు మిత్సుబిషితో ఫ్యాక్టరీలు పెట్టారు.

నాలుగోది మనదే. హైదరాబాద్ ఆల్విన్. నిజాం కాలంలో, 1942లో మొదలైన కంపెనీ. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, వాచీలు, ఏది పడితే అది చేసేవాళ్లు. మీ అమ్మమ్మని అడగండి, ఆల్విన్ ఫ్రిజ్ గుర్తుండే ఉంటుంది. కూకట్‌పల్లి దగ్గర ఆల్విన్ కాలనీ ఇప్పటికీ ఉంది కదా, ఆ ఆల్విన్నే. వీళ్లు నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ట్రక్కులు తయారు చేశారు. కంప్యూటర్ల కన్నా ముందు హైదరాబాద్‌కి ఇంత తయారీ చరిత్ర ఉందని నాకు బీటెక్‌లో ఒక్కరూ చెప్పలేదు.

బండ్లు బాగుండేవి. క్యాబిన్ సౌకర్యం, మైలేజీ, అన్నీ కొత్త. కానీ ముఖ్యమైన పార్టులు జపాన్ నుంచి రావాలి. 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని దెబ్బకి యెన్ విలువ ఎగబాకింది. అప్పుడు డాలర్‌కి సుమారు 240 యెన్లు, 1988 కల్లా దాదాపు 130. పార్టుల ఖర్చు ఆకాశాన్నంటింది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, యాప్ మొత్తం ఎవరిదో ఏపీఐ మీద కట్టుకుంటే, వాళ్లు రేటు డబుల్ చేసినట్టు.

సరిగ్గా ఆ టైమ్‌లోనే, 1986లో, టాటా వాళ్లు సొంతంగా డిజైన్ చేసుకున్న 407ని దింపారు. ఇక్కడి పార్టులు, ఏ ఊళ్లోనైనా విప్పి బిగించగల మెకానిక్‌లు. మిగతాది మీరు ఊహించుకోవచ్చు. ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది, జహీరాబాద్ ఫ్యాక్టరీ ఇప్పటికీ వాళ్లదే. డీసీఎం టొయోటా 1990లలో డీసీఎం దేవూ అయి, ట్రక్కు కంపెనీ కాస్తా సీలో కార్ల కంపెనీ అయింది. స్వరాజ్ మాజ్దా తర్వాత ఎస్ఎంఎల్ ఇసుజు అయింది. ఐచర్ నిలబడి, 2008లో వోల్వోతో జత కట్టింది. డీసీఎం బండి పోయింది, పేరు మాత్రం మన నోట్లో ఉండిపోయింది.

అందుకే నా లెక్క ఇది. నిజమైన డీసీఎం టొయోటా ఎక్కడైనా ముద్దుగా కనపడినా ఫొటో దిగి వచ్చేయండి. రాత్రి పదింటికి అనంతపురం బైపాస్ మీద బండి ఆగితే పార్టు దొరకాలి. అది 407కీ, ఐచర్‌కీ దొరుకుతుంది.

ఇక బాడీ. లోపల నిలబడగలగాలి. మంచం అడ్డంగా వేయాలంటే లోపలి వెడల్పు మీ ఎత్తు కన్నా ఎక్కువ ఉండాలి, టేపు తీసుకెళ్లండి. మామూలు ఇనప కంటైనర్ ఏప్రిల్ ఎండలో పెనంలా కాలుతుంది. పాలు, ఐస్‌క్రీమ్ తోలిన బండ్లకి గోడల్లోనే ఫోమ్ ఉంటుంది, నేను వాటినే వెతుకుతున్నా. ఆ కట్ట స్ప్రింగులు టన్నుల బరువు కోసం చేసినవి, కాబట్టి తక్కువ బరువుతో వెళ్తే గుంత గుంతకీ ఎగిరేస్తుంది. ఖాళీ బండినే నడిపి చూడండి.

అసలు తలనొప్పి కాగితాలు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని తేల్చింది. ఆర్‌సీలో స్థూల బరువు చూసుకోండి. కానీ 2019 జనవరిలో అదే కోర్టు, కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయకూడదని చెప్పింది. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే కేటగిరీ రూల్స్‌లో ఉంది. అందులోకి మీ బండి మారుతుందా లేదా అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. గూడ్స్ ఆర్‌సీతో లోపల మనుషులు పడుకుని తిరిగితే, ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. ఫైనాన్స్ క్లియర్ అయిందా, పన్ను బాకీ, చలాన్లు ఉన్నాయా చూడండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ప్రతి ఏడాదీ చేయించాలి.

వచ్చే వారం సంగారెడ్డిలో ఒక పాల కంటైనర్ చూడబోతున్నా. ఐచర్, 14 అడుగులు. ఫిట్‌నెస్ ఇంకా ఏడు నెలలుందంటున్నాడు ఓనరు. కాగితాలు చూశాక మీకు చెప్తా.