కలాం గారి సంతకం: సైంటిస్టు నిజంగానే రాష్ట్రపతి అయితే ఏమైంది?

పోయిన వారం మా కొనకనమిట్ల వెళ్లా. సాయంత్రం పొదిలిలో ఫ్రెండ్‌తో టీ తాగుతుంటే వాడు ఒక ప్రశ్న వేశాడు. "మామా, ఐన్‌స్టీన్‌ని ఇజ్రాయెల్ ప్రెసిడెంట్‌గా ఉండమంటే వద్దన్నాడంట గదా. ఒప్పుకోనుంటే ఏమయ్యేది?" అని. "ఊహించుకోవడం ఎందుకురా, మన దగ్గర నిజంగానే జరిగిందిగా" అన్నా. ఆ మాటల్లోంచి వచ్చిందే ఈ ఎపిసోడ్.

ముందు ఐన్‌స్టీన్ కథ రెండు ముక్కల్లో. ఇజ్రాయెల్ మొదటి ప్రెసిడెంట్ హైమ్ వైజ్‌మాన్ 1952 నవంబర్‌లో చనిపోయారు. తమాషా ఏంటంటే ఆయన కూడా సైంటిస్టే, కెమిస్ట్రీ ఆయనది. వెంటనే ప్రధాని బెన్ గురియన్ తరఫున రాయబారి అబ్బా ఎబాన్ ఐన్‌స్టీన్‌కి లెటర్ పంపాడు. 73 ఏళ్ల ఐన్‌స్టీన్ మర్యాదగా వద్దన్నారు. మనుషులతో వ్యవహరించే నేర్పు, అనుభవం తనకి లేవు అన్నది ఆయన చెప్పిన కారణం. అంతే, ఆ కథ అక్కడితో అయిపోయింది.

మన కథ అక్కడితో ఆగలేదు. 2002 జూన్ 10. కలాం గారు చెన్నైలో అన్నా యూనివర్సిటీలో ఉన్నారు. ఫోన్ మోగింది. అటువైపు మన చంద్రబాబు నాయుడు గారు, అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. కాసేపట్లో ప్రధాని ఫోన్ చేస్తారు, కాదనకండి అని చెప్పారట. తర్వాత వాజ్‌పేయి గారు ఫోన్ చేశారు. కలాం రెండు గంటలు టైమ్ అడిగారు. ఆ రెండు గంటల్లో తెలిసినవాళ్లకి వరసగా ఫోన్లు చేసి, చివరికి సరే అన్నారు. ఇదంతా ఆయన తన 'టర్నింగ్ పాయింట్స్' పుస్తకంలో చెప్పుకున్నదే.

అప్పటి రాజకీయం కూడా కొంచెం చెప్పాలి. పి.సి. అలెగ్జాండర్ పేరు వచ్చింది, ఇంతకుముందు మనకి గవర్నర్‌గా చేసిన కృష్ణకాంత్ పేరు వచ్చింది. ఏ పేరు మీదా అందరికీ కుదర్లేదు. కలాం పేరు రాగానే కాంగ్రెస్ కూడా ఒప్పుకుంది. లెఫ్ట్ పార్టీలు మాత్రం ఆజాద్ హింద్ ఫౌజ్‌లో పనిచేసిన కెప్టెన్ లక్ష్మీ సెహగల్‌ని నిలబెట్టాయి. జులై 18న లెక్కిస్తే కలాంకి వచ్చిన ఓట్ల విలువ 9,22,884, ఆమెకి 1,07,366. పోటీ అనలేం.

ఆ జులై 18 అనే డేట్ గుర్తుపెట్టుకోండి. సరిగ్గా 22 ఏళ్ల ముందు, 1980 జులై 18న, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సక్సెస్ అయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ కలాం. ఆయన్ని అందరం సైంటిస్టు అంటాం కానీ చదివింది ఏరోనాటికల్ ఇంజనీరింగ్. బీటెక్ వాళ్లం, ఆ మాత్రం గర్వం మాకు ఉండనివ్వండి.

అయితే అంతకుముందు, 1979 ఆగస్టు 10న, మొదటి ప్రయోగం ఫెయిలైంది. కౌంట్‌డౌన్‌లో కంప్యూటర్ ఆగమని చెప్పింది. నిపుణులు పర్లేదన్నారు, కలాం ముందుకెళ్లమన్నారు. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రెస్ ముందుకి వెళ్లి తప్పు మీదేసుకున్నది ఎవరు? ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది సక్సెస్ అయ్యాక మాత్రం, నువ్వెళ్లి మాట్లాడు అని కలాంని పంపారు. ఈ కథ కలాం చచ్చేదాకా చెప్పారు, స్కూలు పిల్లలకి కూడా. పై కుర్చీలో ఉన్నోడు కింద టీమ్ తప్పుని తన నెత్తిన వేసుకుంటాడు, ఆయన నేర్చుకున్న పద్ధతి అది.

మరి రాష్ట్రపతి కుర్చీ ఎలా పనిచేస్తుంది? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. ఎవరో కోడ్ రాసి నీకు రివ్యూకి పంపుతారు. నువ్వు చూసి అప్రూవ్ కొట్టాలి. నచ్చకపోతే ఒకసారి వెనక్కి పంపొచ్చు. వాళ్లు మళ్లీ పంపితే మాత్రం అప్రూవ్ చేయాల్సిందే. రాజ్యాంగంలో కేబినెట్ సలహా గురించి 74వ ఆర్టికల్, బిల్లుల గురించి 111వ ఆర్టికల్ దాదాపు ఇదే చెప్తాయి. అంటే చేతిలో ఉన్నది ఒక్క "మళ్లీ ఆలోచించండి" అనే మాట.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2005 మే. బిహార్‌లో ఎన్నికలైనా ఎవరికీ మెజారిటీ లేదు. గవర్నర్ బూటా సింగ్ రిపోర్టు మీద కేంద్ర కేబినెట్ అర్ధరాత్రి అసెంబ్లీ రద్దుకి సిఫార్సు చేసింది. కలాం మాస్కోలో ఉన్నారు. కాగితం అక్కడికే వెళ్లింది. ఆయన సంతకం పెట్టేశారు. అక్టోబర్ 7న సుప్రీంకోర్టు ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధం అని చెప్పింది.

ఇక్కడ నాకు ఒకటి మింగుడుపడదు. అదే బిహార్ మీద, 1998లో, రాష్ట్రపతి పాలన పెట్టమని వాజ్‌పేయి కేబినెట్ పంపిన సిఫార్సుని కె.ఆర్. నారాయణన్ వెనక్కి పంపారు. ఆయన సైంటిస్టు కాదు, దౌత్యవేత్త. అప్రూవ్ బటన్ పక్కన ఇంకో బటన్ ఉందని ఆయనకి బాగా తెలుసు. శ్రీహరికోటలో డేటా చూసి నిర్ణయం తీసుకున్న మనిషి, మాస్కోలో ఆ రాత్రి "తెల్లారేదాకా ఆగండి" అని ఎందుకు అనలేదు? కలాం అభిమానిగా కూడా నేను అడుగుతా ఆ ప్రశ్న.

కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. కోర్టు తీర్పు తర్వాత కలాం రాజీనామా లెటర్ రాసి పెట్టుకున్నారు. ఉపరాష్ట్రపతి షెకావత్‌కి ఇవ్వాలి, ఆయన ఢిల్లీలో లేరు. ఈలోగా మన్మోహన్ సింగ్ కలిసి, ప్రభుత్వమే పడిపోవచ్చని బతిమాలారు. ఆ లెటర్ బయటికి రాలేదు. 2012లో పుస్తకం వచ్చాకే జనానికి తెలిసింది. సతీశ్ ధావన్ అందరి ముందు చేసిన పనిని ఈయన లోపల రాసి, లోపలే ఉంచేశారు. రాష్ట్రపతి అలా ప్రెస్ ముందుకెళ్లి "తప్పు నాది" అంటే మర్నాడు ప్రధాని ఏం చేయాలి? ఆ కుర్చీలో అదే కష్టం.

2006 మేలో మాత్రం ఆ రెండో బటన్ నొక్కారు. ఎంపీల పదవులు పోకుండా కాపాడే లాభదాయక పదవుల బిల్లుని వెనక్కి పంపారు. పార్లమెంటు మళ్లీ పాస్ చేసి పంపింది. ఆగస్టులో సంతకం పెట్టారు.

నన్నడిగితే ఆయన చేతులు బాగా పనిచేసింది మన హైదరాబాద్‌లో. 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చారు. పృథ్వీ, అగ్ని అక్కడి ప్రోగ్రామ్‌వే. అగ్ని కోసం చేసిన తేలికైన మెటీరియల్‌తో నిమ్స్‌లో పోలియో పిల్లలకి కాలిపర్స్ చేయించారు. మూడు కిలోలకి పైగా ఉండేది మూడొందల గ్రాములకి వచ్చింది. దానికి ఎవరి సలహా, ఎవరి సిఫార్సు అక్కర్లేదు.

ఇదంతా చెప్తే మా వాడు టీ గ్లాసు పెట్టేసి, "మళ్లీ అడిగుంటే వెళ్లేవోడా?" అన్నాడు. అడిగారు మరి. 2012లో మమతా బెనర్జీ వాళ్లు ఆయన పేరు గట్టిగా ముందుకు తెచ్చారు. జూన్‌లో కలాం ప్రకటన ఇచ్చారు, పోటీ చేయడానికి తన మనస్సాక్షి ఒప్పుకోవట్లేదని. తర్వాత మూడేళ్లు కాలేజీలు తిరుగుతూ పాఠాలు చెప్పారు. 2015 జులై 27న షిల్లాంగ్‌లో పిల్లల ముందు మాట్లాడుతూనే పడిపోయారు.

సరే, ఈసారికి ఇంతే. వచ్చే ఎపిసోడ్ మార్కాపురం పలకల మీద. ఇంట్లో పాత పలక ఉంటే తీసి పెట్టుకోండి, ఉంటా.