యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో స్టాండప్ కామెడీ

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో స్టాండప్ కామెడీకి ఇంచుమించు మూడు దశాబ్దాల చరిత్ర ఉంది. 1997లో బ్రిటన్ హాస్య కళాకారులను దుబాయ్ హోటళ్లకు రప్పించడంతో క్రమం తప్పని ప్రదర్శనలు మొదలయ్యాయి. 2007-08 ప్రాంతంలో అరబ్, దక్షిణాసియా మూలాలున్న కళాకారులు వేదికెక్కారు. శిక్షణ తరగతులు, ఎవరైనా వచ్చి చెప్పగల ఓపెన్ మైక్‌లు వచ్చాక అక్కడే ఉంటూ రాసి చెప్పేవాళ్లు తయారయ్యారు. 2019 నాటికి ఈ కళ 17,000 మంది పట్టే అరీనాకు చేరింది. జనాభాలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా విదేశీయులే ఉన్న దేశం ఇది. ప్రేక్షకులందరికీ ఉమ్మడిగా ఒక మాతృభాష లేదు, ఒక బాల్యం లేదు, ఒక సినిమా జ్ఞాపకం లేదు. అలాంటి చోట జోకును దేని మీద కట్టాలన్నదే ఇక్కడి స్టాండప్‌కు మొదటి నుంచీ ఉన్న సమస్య. దాని ప్రత్యేకత కూడా అక్కడి నుంచే వచ్చింది.

ముందున్న రూపాలు

ఒక్క మనిషి నిలబడి మాటలతోనే నవ్వించడం తెలుగువాళ్లకు కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో పిట్టల దొర ఖాకీ దుస్తులు, టోపీ, కట్టె తుపాకీతో వాడవాడా తిరిగేవాడు. లేని ఆస్తులను, జరగని గొప్పలను ఏకరువు పెట్టి జనాన్ని నవ్వించేవాడు. బుర్రకథలో ఒక వంత పనే హాస్యం. నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) మిమిక్రీని సభావేదికల మీద గౌరవంగా నిలబెట్టారు. అయితే గల్ఫ్ నగరాలకు భారతీయ హాస్యం చాలావరకు సినిమా తారలు, గాయకుల బృందాల వెంట వెళ్లింది. పాటకూ పాటకూ మధ్య పది నిమిషాలు నవ్వించే మనిషి ఆ బృందాలకు తప్పనిసరి. ప్రకాశం జిల్లా కనిగిరిలో 1957లో పుట్టి, ముంబై ధారావిలో పెరిగిన జానీ లీవర్ ఈ దారిలోనే పైకి వచ్చాడు. కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ బృందంలో పనిచేసి, 1982లో అమితాబ్ బచ్చన్‌తో కలిసి విదేశీ ప్రదర్శనలకు వెళ్లాడు. మలయాళీలది మరింత గట్టి పునాది. కొచ్చిన్ కళాభవన్ 1981లో మొదలుపెట్టిన మిమిక్స్ పరేడ్ వాళ్లకు ఒక ప్రదర్శన రూపాన్ని ఇచ్చింది. గల్ఫ్ మలయాళీ వేడుకల్లో ఇప్పటికీ అదే ఒరవడి. 2005లో స్టార్ వన్ చానల్లో వచ్చిన ‘ది గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ చాలెంజ్’ తర్వాత హిందీ హాస్య కళాకారులకు కూడా విదేశీ వేదికలు విస్తరించాయి.

ఈ రూపాలన్నీ ప్రేక్షకుడికి ముందే తెలిసిన గొంతు మీద, ముందే తెలిసిన సినిమా మీద ఆధారపడతాయి. ఎన్టీఆర్ గొంతు తెలియనివాడికి ఆ అనుకరణలో నవ్వు లేదు. స్టాండప్‌లో సరుకు వేరు. చెప్పేవాడి సొంత చూపే అక్కడ సరుకు.

హోటళ్ల కాలం

1997లో గెయిల్ క్లఫ్ దుబాయ్‌లో ‘ది లాఫ్టర్ ఫ్యాక్టరీ’ని ప్రారంభించింది. బ్రిటన్ క్లబ్బుల్లో పేరున్న కళాకారులను తీసుకొచ్చి దుబాయ్, అబుదాబి హోటళ్లలోనూ, పొరుగు గల్ఫ్ దేశాల్లోనూ వరుస ప్రదర్శనలు ఇప్పించడం దాని పద్ధతి. ఈ ప్రాంతంలో ఎక్కువ కాలంగా నడుస్తున్న కామెడీ సంస్థ అదే. వేదికలు హోటళ్లే కావడానికి కారణముంది. మద్యం అమ్మే అనుమతి ఎక్కువగా హోటళ్లకే ఉండేది. లండన్‌లో 1979లో మొదలైన కామెడీ స్టోర్ నుంచి వచ్చిన క్లబ్ సంస్కృతికి ఆ వాతావరణమే అలవాటు. ప్రేక్షకుల్లో ఎక్కువమంది బ్రిటిష్ ఉద్యోగులు. కళాకారుడు లండన్‌లో చెప్పిన పాఠాన్నే కొంత కత్తిరించి ఇక్కడ చెప్పి, విమానమెక్కి వెళ్లిపోయేవాడు. పదేళ్ల పాటు దుబాయ్‌లో స్టాండప్ అంటే చాలావరకు ఇదే. నాణ్యత ఉంది. కానీ ఊరి గురించి ఊరివాళ్లు చెప్పుకునే మాట లేదు.

2007 మలుపు

అమెరికాలో ఉంటున్న అహ్మద్ అహ్మద్, మాజ్ జోబ్రానీ, ఆరన్ కేడర్, డీన్ ఒబైదల్లా కలిసి ‘యాక్సిస్ ఆఫ్ ఈవిల్ కామెడీ టూర్’ పేరిట ప్రదర్శనలు ఇచ్చేవారు. 2007లో వీరి కార్యక్రమం అమెరికాలోని కామెడీ సెంట్రల్ చానల్లో వచ్చింది. ఆ ఏడాది చివర్లో దుబాయ్‌తో పాటు అరబ్ నగరాల్లో పర్యటించారు. విమానాశ్రయాల్లో తమను ఎలా చూస్తారో, ఇంట్లో అమ్మానాన్నలు ఎలా మాట్లాడతారో వాళ్లు చెబుతుంటే, హాల్లో కూర్చున్న అరబ్ యువతకు తమ ఇళ్లు కనిపించాయి. చూసినవాళ్లలో కొందరికి తామూ చెప్పగలమన్న ధైర్యం వచ్చింది. ఈ పర్యటన అసలు విలువ అదే. అలా వేదికెక్కినవాళ్లలో ఒకడు వోన్హో చుంగ్. జెద్దాలో పుట్టి అమ్మాన్‌లో పెరిగిన అతను కొరియా, వియత్నాం మూలాలున్నవాడు. అరబ్బీలో అనర్గళంగా జోకులు చెబుతుంటే జనం ఆశ్చర్యపోయారు. దుబాయ్‌లో స్థిరపడి ప్రాంతమంతటా పేరు తెచ్చుకున్నాడు. అహ్మద్ అహ్మద్ తీసిన ‘జస్ట్ లైక్ అస్’ (2010) డాక్యుమెంటరీలో దుబాయ్, బేరూత్, రియాద్, కైరో ప్రదర్శనలు నమోదయ్యాయి.

2008లో దుబాయ్‌లో ‘దుబామెడీ’ పుట్టింది. ఎమిరాతీ కళాకారుడు అలీ అల్ సయ్యద్, అమెరికా నుంచి వచ్చిన రంగస్థల కళాకారిణి మీనా లిచ్చోనే దాని స్థాపకులు. స్టాండప్, ఇంప్రొవ్ (అప్పటికప్పుడు అల్లే నాటకం), విదూషక కళ నేర్పే బడి అది. మహిళలే చెప్పే ‘ఫన్నీ గర్ల్స్’ ప్రదర్శనలు కూడా అక్కడి నుంచే వచ్చాయి. పగలు బ్యాంకులోనో, ఆస్పత్రిలోనో, నిర్మాణ సంస్థలోనో పనిచేసేవాళ్లు సాయంత్రం తరగతికి వచ్చి, చివర్లో జనం ముందు తొలి ఐదు నిమిషాలు చెప్పడం ఇక్కడ అలవాటైంది. ఈ దేశంలో స్టాండప్ చరిత్ర రాసేటప్పుడు పెద్ద పేర్ల పర్యటనల కంటే ఈ తరగతులకే ఎక్కువ చోటివ్వాలి. ఒక ఊరికి సొంత హాస్యం ఇలాంటి చిన్న గదుల్లోనే తయారవుతుంది. అల్ కూజ్‌లో కోర్ట్‌యార్డ్ ప్లేహౌస్ ఇంప్రొవ్‌కు, 2015లో తెరిచిన ది జంక్షన్ నాటకాలకు చోటిచ్చాయి. నితిన్ మీరానీ వంటి భారతీయులు దుబాయ్‌లో ఉంటూనే ఈ వృత్తి చేపట్టారు.

పాఠం తయారయ్యే తీరు

స్టాండప్ పాఠాన్ని వేదిక మీద అప్పటికప్పుడు పుట్టిన మాటలా వినిపించేలా చెబుతారు. నిజానికి అది వారాల తరబడి కోసి, అతికి, మళ్లీ కోసిన రచన. కళాకారుడు ముందు ఒక ప్రీమైజ్ ఎంచుకుంటాడు. అంటే తనను నిజంగా చిరాకు పెట్టే, భయపెట్టే, లేదా ఆశ్చర్యపరిచే విషయం. దాన్ని వినేవాడికి ఎక్కించే వాక్యాలు సెటప్. ఆ వాక్యాలు పెంచిన ఊహను తిప్పికొట్టేది పంచ్‌లైన్. నవ్వు తగ్గేలోపు అదే దారిలో వేసే చిన్న దెబ్బ ట్యాగ్. ముందెప్పుడో చెప్పిన మాటను ఇరవై నిమిషాల తర్వాత వేరే సందర్భంలో లేపడం కాల్‌బ్యాక్. కొత్తవాళ్ల తొలి లక్ష్యం టైట్ ఫైవ్. ఒక్క అనవసరమైన మాట కూడా లేని ఐదు నిమిషాలు. దానికోసం ఓపెన్ మైక్‌లో చెప్పి, ఫోన్లో రికార్డు చేసుకుని, ఎక్కడ నవ్వారో, ఎక్కడ దగ్గారో విని, తర్వాతి వారం వాక్యం మార్చి చెబుతారు. ఒక్క పదం వాక్యం మధ్యలోంచి చివరికి జరిగితే నవ్వు రెట్టింపవుతుందని ఈ వినడంలోనే తెలుస్తుంది.

ఈ పని ఎక్కడైనా ఒకటే. ఎమిరేట్స్‌లో తేడా ప్రీమైజ్ దగ్గర వస్తుంది. హాల్లో సూడాన్ ఇంజనీరు, మనీలా నర్సు, కరాచీ అకౌంటెంటు, తిరువనంతపురం టీచరు, లివర్‌పూల్ పైలట్ పక్కపక్కన కూర్చుంటారు. చిన్నప్పటి బడి గురించి చెబితే ఐదుగురికీ ఐదు బడులు. ఐదుగురూ పంచుకునేది ఊరి జీవితమే. 2007లో వచ్చిన సాలిక్ టోల్ గేటు కింద నుంచి వెళ్లిన ప్రతిసారీ ఖాతాలోంచి తగ్గే దిర్హములు, 2009లో మొదలైన మెట్రోలో గోల్డ్ క్లాస్ గీత దాటితే పడే జరిమానా, వారాంతపు బ్రంచ్, కరక్ చాయ్, వీసా గడువు, ఉద్యోగం పోతే మిగిలే రోజులు. అద్దె చెక్కులు ఇంకా గొప్ప సరుకు. ఏడాది అద్దెను ముందస్తు తేదీలు వేసిన కొద్ది చెక్కులుగా ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. 2022 జనవరిలో చట్టం మారేదాకా డబ్బు లేక చెక్కు తిరిగి వస్తే అది చాలాసార్లు నేరమే. దాని మీద ఒక జోకు ఇలా కట్టవచ్చు: ‘మా ఇంటి ఓనరుకు ఏడాదికి నాలుగు చెక్కులు రాసిచ్చాను. కంపెనీ నన్ను పిలిచి, నీ ఉద్యోగానికి ఢోకా లేదు, మూడో చెక్కు దాకా అంది.’ హైదరాబాదులో ఈ జోకు ముందు చెక్కుల సంగతి విడమరిచి చెప్పాలి. అంతలో పంచ్ చచ్చిపోతుంది. దుబాయ్‌లో ఒక్క వాక్యం సెటప్ చాలు, మిగతాది హాలంతా గుండెల్లో మోసుకొచ్చే ఉంటుంది.

భాష విషయంలోనూ ఇంతే. ఎక్కువ ప్రదర్శనలు ఇంగ్లీషులో సాగుతాయి. కానీ వినేవాళ్లలో చాలామందికి అది రెండో భాషో మూడో భాషో. అందుకే ఇక్కడ పండిన కళాకారుల వాక్యాలు పొట్టిగా ఉంటాయి. శ్లేష తక్కువ, ముఖం, చెయ్యి, విరామం ఎక్కువ. యల్లా, ఖలాస్, ఇన్‌షా అల్లా, ఖల్లివల్లి వంటి అరబ్బీ మాటలు ఏ దేశస్థుడికైనా తెలుసు కనుక కీలకమైన చోట వాటిని వాడుకుంటారు. ప్రేక్షకులతో నేరుగా మాట్లాడే క్రౌడ్ వర్క్‌కు ‘ఏ ఊరి నుంచి?’ అన్న ప్రశ్న ఇక్కడ ఎన్నటికీ అరగని ఆయుధం. ఆంగ్లో-ఇండియన్ తల్లిదండ్రులకు కెనడాలో పుట్టిన హాస్య కళాకారుడు రసెల్ పీటర్స్ పద్ధతి దుబాయ్‌కి అంతగా నచ్చడానికి కారణం కూడా ఇదే. దీనికి ఒక చెడ్డ పక్క ఉంది. యాస అనుకరిస్తే నవ్వు తేలిగ్గా వస్తుంది. తొలి తరం స్థానిక కళాకారుల్లో పలువురు టాక్సీ నడిపే పఠాన్‌ను, దుకాణంలోని ఫిలిప్పీన్స్ అమ్మాయిని ఒక యాసకు కుదించేశారు. ఆ మనిషి టికెట్టు కొని ముందు వరుసలో కూర్చోగలిగితే ఆ జోకు అలాగే చెప్పగలవా అన్నది మంచి పరీక్ష. ఆ పరీక్షకు నిలిచిన పాఠాలే పదేళ్లయినా వినబుద్ధేస్తాయి.

హద్దులు

దుబాయ్‌లో బహిరంగ ప్రదర్శనకు పర్యాటక శాఖ అనుమతి తప్పనిసరి. ప్రదర్శకుల వివరాలు కూడా ముందే ఇవ్వాలి. మతాన్ని, పాలకులను కించపరచడం నేరం. 2015లో తొలిసారి వచ్చిన విద్వేష నిరోధక చట్టం, 2012లోనూ 2021లోనూ విస్తరించిన సైబర్ నేరాల చట్టం హాస్యానికీ వర్తిస్తాయి. శ్రీలంకలో పుట్టి అమెరికా పౌరుడైన షెజాన్ కాసిం దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ, సత్వా ప్రాంతపు కుర్రాళ్ల మీద ఒక హాస్య వీడియో తీసి 2012లో ఇంటర్నెట్‌లో పెట్టాడు. 2013 ఏప్రిల్‌లో అతన్ని నిర్బంధించారు. డిసెంబరులో ఏడాది శిక్ష పడింది, 2014 జనవరిలో విడుదలయ్యాడు. ఒక హాస్య వీడియోకు నెలల తరబడి జైలు న్యాయమని ఈ వ్యాసం అనుకోదు. నిర్వాహకులు కొత్తవాళ్లకు ముందుగా చెప్పే మూడు మాటలు మతం, రాజకీయం, శృంగారం వద్దని. ఈ హద్దుల వల్ల పాఠం శుభ్రపడి, కుటుంబమంతా చూడగలిగేదిగా మారిందనే వాదన ఉంది. అందులో కొంత నిజముంది. కానీ తన బతుకును నిర్ణయించే వ్యవస్థ గురించి మాట్లాడలేని కళాకారుడు చిన్న విషయాల దగ్గరే ఆగిపోతాడన్నదీ నిజమే.

అరీనాల కాలం

2016లో దుబాయ్ ఒపేరా తెరుచుకుంది. 2019 జూన్‌లో సిటీ వాక్‌లోని కోకా-కోలా అరీనాలో మొట్టమొదటి ప్రదర్శన పాటగాడిది కాదు, రసెల్ పీటర్స్‌ది. అబుదాబి యాస్ ద్వీపంలో 2021లో ఎతిహాద్ అరీనా వచ్చింది. దుబాయ్ కామెడీ ఫెస్టివల్, అబుదాబి కామెడీ వీక్ ప్రభుత్వ పర్యాటక ప్రణాళికల్లో భాగమయ్యాయి. వీర్ దాస్, జాకిర్ ఖాన్ వంటి భారతీయ కళాకారుల యాత్రల్లో దుబాయ్ స్థిరమైన మజిలీ. 2022 జనవరిలో వారాంతం శని, ఆదివారాలకు మారడంతో గురువారం రాత్రి ప్రదర్శనల అలవాటూ మారింది. 2024 మేలో ఎతిహాద్ అరీనాలో అమెరికా కళాకారుడు డేవ్ షాపెల్ గాజా యుద్ధాన్ని నరమేధం అన్నప్పుడు హాలు చప్పట్లతో మార్మోగింది. ఆ రాత్రి ప్రేక్షకుల ఫోన్లను సంచుల్లో పెట్టి తాళం వేశారు. పెద్ద కళాకారులకు ఇది మామూలే. చెప్పకముందే ఫోన్లో చూసేసిన జోకుకు రెండోసారి నవ్వు రాదు.

తెలుగువారు

ఎమిరేట్స్‌లోని తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి వేడుకల్లో హాస్యమంటే ఎక్కువగా మిమిక్రీ, స్కిట్లే. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ తర్వాత ఆ ఒరవడి ఇంకా బలపడింది. స్వదేశంలో తెలుగు స్టాండప్ హైదరాబాద్ ఓపెన్ మైక్‌ల నుంచి, ఇంగ్లీషు, హిందీల నీడలోంచి నెమ్మదిగా బయటికి వచ్చింది. 2022 డిసెంబరులో ఆహా ఓటీటీ వేదిక ‘కామెడీ స్టాక్ ఎక్స్చేంజ్’ తెచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడపల నుంచి వెళ్లినవాళ్ల దగ్గర సరుకు పుష్కలంగా ఉంది. ఏజెంటు చెప్పిన జీతం, చేతికొచ్చిన జీతం. కఫీలు (వీసా ఇప్పించిన యజమాని) దగ్గర పాస్‌పోర్టు. ఊళ్లో కట్టే ఇంటికి ఫోన్లోనే మేస్త్రీతో తగాదా. పెళ్లికి వచ్చినప్పుడు అందరూ అడిగే సెంటు సీసా. సోనాపూర్, అల్ కూజ్ కార్మికుల క్యాంపుల్లో గదికి ఆరుగురు, ఎనిమిది మంది పడుకునే మంచాల మధ్య ఈ కథలు రోజూ నవ్వుల్లో నలుగుతూనే ఉంటాయి. అరీనా టికెట్టు ధర ఆ క్యాంపులోని కూలీకి ఎన్నో రోజుల భోజనం ఖర్చు. హోటల్ ఓపెన్ మైక్ నడిచేది ఇంగ్లీషులో. అతని పాఠానికి తగిన వేదిక క్యాంపు మెస్ హాల్లో, సెలవు రోజు సాయంత్రం, తెలుగులో పెట్టే ఓపెన్ మైక్. దానికి మైకు ఒకటి, కావలసిన అనుమతులు ఉంటే చాలు.