3.4 ప్యాచ్ తీగ నుంచి వర్చువల్ తీగ వరకు

1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) పాఠాలు ఆకాశవాణి ద్వారా కూడా విద్యార్థులకు చేరాయని మీకు తెలుసు. ఆనాటి రేడియో స్టూడియోలలో మైకును, టేపు రికార్డరును, మిక్సరును తీగలతో కలిపేవారు. ధ్వని ఎటు పోతోందో తీగను చూసి చెప్పగలిగేవారు.

కంప్యూటరులో ఈ సౌకర్యం మొదట లేదు. ఒక అప్లికేషన్ ధ్వనిని స్పీకరుకు పంపుతుంది. మరొకటి మైకు నుంచి తీసుకుంటుంది. ఈ రెండింటినీ కలిపేదే వర్చువల్ పరికరం. ఇది మొదటిదానికి స్పీకరుగా, రెండోదానికి మైకుగా కనిపిస్తుంది. పాల్ డేవిస్ లినక్స్ కోసం రూపొందించిన జాక్ (2002), మాక్ కంప్యూటర్లకు వచ్చిన సౌండ్‌ఫ్లవర్ (2004) ఈ దారిలో తొలి అడుగులలో ముఖ్యమైనవి.

2020లో కోవిడ్ వల్ల ఉస్మానియా ప్రాంగణంలో తరగతి గదులు మూతపడి, బోధన ఆన్‌లైన్‌కు మారింది. పాత ప్రసంగం రికార్డును స్పీకరులో పెట్టి మైకుకు వినిపిస్తే గదిలోని చప్పుడూ, ప్రతిధ్వనీ కలుస్తాయి. వర్చువల్ తీగ ఆ ధ్వనిని నేరుగా తరగతికి చేరుస్తుంది.

అయితే ఒక నష్టాన్ని గమనించండి. ఈ తీగ కంటికి కనిపించదు. దారి తప్పుగా ఎంచుకుంటే గంటసేపు చెప్పిన పాఠం నిశ్శబ్దంగా రికార్డవుతుంది. కాబట్టి ముందుగా ఒక నిమిషం రికార్డు చేసి, విని చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వర్చువల్ పరికరం ప్యాచ్ తీగకు ఏ విధంగా వారసురాలు? ఏ విషయంలో భిన్నమైనది?