పొయ్యి, పొలము

వరినాట్లు వేయుట, కలుపు తీయుట మన పల్లెలలో మిక్కిలిగ స్త్రీలు చేయు పనులు. అయినను రైతు అన్నంతనే మన మనస్సునకు దోచునది నాగలి పట్టిన పురుషుడే. ఆ స్త్రీ తెల్లవారకమున్నే పొయ్యి రాజవేసి, పొలమునకు పోయి, ప్రొద్దు గ్రుంకినపిమ్మట మరల ఆ పొయ్యిముందే కూర్చుండును. నడుమ చితుకు లేరుటకును, పిడకలు చేయుటకును పట్టు కాలమును ఎవ్వరును లెక్కింపరు. ఈ పొయ్యిని బాగుచేయ జరిగిన ప్రయత్నముల చరిత్రము చదువరులు తెలిసికొనదగినది.

హైదరాబాదునందలి ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యి నొకదానిని రూపొందించి, దానినిగూర్చి 1953లో ఇంగ్లీషున గ్రంథము ప్రకటించిరి. దానికి కర్మాగారముతో నిమిత్తము లేదు, మట్టితోనే కట్టుకొనవచ్చును. ఒక్క మంటమీదనే వరుసగ కుండలు కాగును. పొగ గొట్టమువెంట ఇంటికప్పు దాటి పోవును. వేడి వృథాపోనిచో కట్టె తగ్గును. కట్టె తగ్గినచో దానికై తిరుగు తిరుగుడు తగ్గును. ఇందలి సూత్రమింతే.

ముప్పది యేండ్లు గడచినపిమ్మట, 1983లో, కేంద్ర ప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమము నారంభించెను. 2002లో అది ముగియునాటికి మూడుకోట్లకు పైగా పొయ్యిలు లెక్కకెక్కినవి. సంఖ్య ఘనమైనదే. కాని వానిలో అనేకములు కొలదికాలమునకే పగిలినవి. కొన్నింటి గొట్టములు మసితో పూడినవి. కారణమేమి? కట్టించువారి దృష్టి సంఖ్యమీద నుండెను. వండునామె కుండ యెంతటిది, ఆమె కాల్చునది కందికంపయా, పిడకయా, గొట్టమును శుభ్రపరచువారెవరు అని అడిగినవారు తక్కువ.

పిదప 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును గ్యాసును పేదయింటికి తెచ్చినవి. అగ్గిపుల్ల గీచినంతనే మంట! ఇది మేలు కాదని యెవ్వరనగలరు? అయినను బండ అయిపోయినపిమ్మట పలుయిండ్లలో మరల కట్టెపొయ్యియే రాజుచున్నది. బండకు రొక్కము కావలెను; చితుకులు ఉచితము. ఉచితమనగా నేమి? ఆమె నడకకును, నడుమునొప్పికిని, పొగకు మండిన కండ్లకును ఇంటి జమాఖర్చులలో పద్దు లేదనియే కదా!

2019లో దేశమంతట జరిగిన కాలవినియోగ పరిశీలనలో, కూలి లేని యింటిపనిలో పాల్గొనిన స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పాల్గొనిన పురుషులు 97 నిమిషములును దానికి వెచ్చించినట్లు తేలినది. స్త్రీకి దాదాపు అయిదు గంటలు! ఆమె పొలములో దినమంతయు వంగి చేయు పని దీనికి వేరు.

విత్తనమునకును ఎరువునకును అప్పైనను తెచ్చు రైతు, గ్యాసుబండ దగ్గర వెనుదీయుచున్నాడు. విత్తనము పొలము ఖర్చట. బండ ఆడువారి సుఖమట! ఆమెకు మిగిలిన గంటయు పొలమునకు పెట్టుబడియే. విశ్రాంతికి మిగిలినను తప్పేమి? పనిముట్టు ఇచ్చినంతమాత్రమున సంస్కరణము ముగియదు. ఆమె కాలమునకు వెల కట్టనంతవరకు ఏ క్రొత్తపొయ్యియు నిలువదు. నేడు రాత్రి మన యింటి జమాఖర్చుల పుస్తకము తెరచినపుడు, ఆ పద్దెక్కడనున్నదో ఒక్కమారు వెదకి చూతము.