ఫోన్‌లో తెలుపు.. ప్రింటులో పసుపు! పిల్లల పాస్‌పోర్టు ఫొటో రంగు ఎందుకు మారుతుంది?

గల్ఫ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పసిబిడ్డను తీసుకెళ్లాలంటే ముందు పాస్‌పోర్టు కావాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు చాలా ఇళ్లకు తెలిసిన పనే ఇది. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే ఫొటో తీస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం తెల్లని బ్యాక్‌గ్రౌండ్‌తో 4.5 సెం.మీ. ఎత్తు, 3.5 సెం.మీ. వెడల్పు ఉన్న ఫొటో మనమే తీసుకెళ్లాలి. ఫోన్‌లో మల్లెపువ్వులా కనిపించిన ఆ తెలుపు ప్రింటులో పసుపో, నీలమో అయితే మళ్లీ స్టూడియోకు పరుగే.

తప్పు ప్రింటర్‌దేనా?

చాలాసార్లు కాదు. ఫోన్ తెర వెలుగుతుంది, కాగితం వెలగదు. పైగా ‘వివిడ్’ మోడ్‌లో తెర రంగులను పెంచి చూపిస్తుంది. అందుకే ముందు ‘నేచురల్’ మోడ్ పెట్టి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి.

తీసేటప్పుడు పడిన వెలుతురు ఇంకా ముఖ్యం. కొబ్బరి చెట్ల నీడలోనో, పచ్చరంగు గోడ పక్కనో తీస్తే ఆ పచ్చదనం బిడ్డ బుగ్గల మీదికి వస్తుంది. ఒకవైపు కిటికీ వెలుగు, మరోవైపు బల్బు ఉంటే సరిచేయడం ఇంకా కష్టం. లైట్లు ఆర్పేసి, ఎండ నేరుగా పడని కిటికీకి ఎదురుగా, తెల్ల దుప్పటి మీద తీయండి. బ్యూటీ ఫిల్టర్ వద్దు.

ఐఫోన్ ఫొటోలు ‘డిస్‌ప్లే పీ3’ అనే విశాలమైన రంగుల పరిధిలో సేవ్ అవుతాయి. షాపు సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించకపోతే మొహం వెలిసిపోయినట్టు వస్తుంది. ‘ఎస్‌ఆర్‌జీబీ’లోకి మార్చి ప్రింట్ చేయమనండి. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, నాణ్యత తగ్గదు.

ప్రింటర్‌దే తప్పయితే?

రంగే చెప్పేస్తుంది. సియాన్ ఇంకు రాకపోతే ఫొటో ఎర్రబడుతుంది, మెజెంటా రాకపోతే పచ్చబడుతుంది, పసుపు రాకపోతే నీలం తిరుగుతుంది. ‘నాజిల్ చెక్’ చేయమని అడగండి, నిమిషం పని. ఇంకు బాగానే ఉంటే కాగితం సెట్టింగ్ చూడాలి: గ్లాసీ పేపర్ పెట్టి ‘ప్లెయిన్’ అని వదిలేసే షాపులు తక్కువేం కాదు. ఫొటోషాప్, ప్రింటర్ రెండూ రంగు సరిచేస్తున్నా తేడా వస్తుంది. ఒకదానిలో ఆపేయాలి.

ప్రింటును ట్యూబ్‌లైట్ కింద కాకుండా షాపు గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూసుకుని డబ్బులివ్వండి.

అమెరికా వీసాకైతే ఆన్‌లైన్‌లో పెట్టే ఫొటో ఎస్‌ఆర్‌జీబీలోనే, చదరంగా, కనీసం 600 పిక్సెళ్ల కొలతతో ఉండాలి.