ఆల్విన్ వాచీ ఎక్కడిది?

కల్వకుర్తి వైపు పల్లెల్లో పాత బీరువా అర తెరిస్తే భూమి కాగితాల పక్కన నడవని చేతి వాచీ ఒకటి కనబడడం కొత్తేమీ కాదు. ఒక తరానికి అది పెళ్ళిలో పెట్టిన వాచీ. సైకిలు, రేడియో, వాచీ ఇస్తే అల్లుడికి లోటు చేయలేదని లెక్క. డయల్ మీద ఎక్కువగా హెచ్.ఎం.టి. అని ఉంటుంది, అక్కడక్కడా ఆల్విన్ అని. ఈ రెండో పేరు మీద నాకు మమకారం ఎక్కువ. అది మన హైదరాబాద్‌లో పుట్టిన పేరు. రోలెక్స్ ధరలు వేళ్ళ మీద చెప్పగలిగే మన కుర్రవాళ్ళలో చాలామందికి ఆ పేరే తెలియదు.

వాచీ ముంజేతికి రావడానికి చాలా కాలం పట్టింది. హైదరాబాద్‌లో చార్మినార్‌కు 1889లో గడియారాలు అమర్చారు. వేళ తెలియాలంటే తలెత్తి చూడాల్సిన రోజులవి. ఉన్నవాళ్ళకు మాత్రం జేబులో గొలుసు గడియారం ఉండేది. చేతికి పెట్టుకునేది ఆడవాళ్ళ నగ అని అప్పటి యూరప్ మగవాళ్ళ అభిప్రాయం. 1904లో పారిస్‌లో కార్టియే, విమానాలు నడిపే మిత్రుడు శాంతోస్ ద్యుమోఁ కోసం చేతి వాచీ చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ అభిప్రాయాన్ని పూర్తిగా మార్చేసింది. కందకంలో ఉన్న సిపాయికి జేబులో వెతుక్కునే తీరిక ఎక్కడిది? మన సిపాయిల చేతులకు వెస్టెండ్ వాచ్ కంపెనీ వారి ‘సోవార్’ వచ్చింది. స్విట్జర్లాండ్‌లో తయారై బొంబాయి మీదుగా దేశమంతా అమ్ముడుపోయిన వాచీ అది. ఈనాడు లక్షలు పలికే జేజర్ లకూల్త్ ‘రివర్సో’ పుట్టుకకూ మన దేశమే కారణం. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచీ అద్దాలు దెబ్బలకు పగిలిపోయేవి. ముఖాన్ని వెనక్కి తిప్పేసుకునే పలక వాచీని అందుకోసమే 1931లో రూపొందించారు.

స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతుల మీద ఆంక్షలు వచ్చాయి, దాంతో స్విస్ వాచీ దొంగసరుకైంది. ప్రభుత్వ రంగంలోని హెచ్.ఎం.టి. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. జనతా, పైలట్, కాంచన్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. తెల్ల ముఖం మీద సన్నని ముళ్ళతో, ఏ హంగూ లేని జనతాను నేను ఇప్పటికీ గొప్ప డిజైన్ అనే అంటాను. ఒక్క చూపుకే వేళ తెలుస్తుంది. వాచీకి అంతకన్నా ముఖ్యమైన పని ఏముంది?

ఇక ఆల్విన్. 1942లో నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. అదే తర్వాత హైదరాబాద్ ఆల్విన్ అయింది. బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, పుష్పక్ స్కూటర్లు తయారుచేసిన కంపెనీ 1980ల్లో జపాన్ సీకో సాంకేతిక సహకారంతో వాచీల్లోకి దిగింది. బస్సు బాడీకి రేకు వంచడం ఒక విద్య, వెంట్రుకంత స్ప్రింగును సరిచేయడం ఇంకో విద్య. ఒకే సంస్థ ఈ రెండింటికీ చేయిపెట్టిందంటే ఆనాటి హైదరాబాద్ పరిశ్రమకు ఎంత ధైర్యం ఉండేదో తెలుస్తుంది.

ఆ ధైర్యానికి కాలం కలిసిరాలేదు. ఆల్విన్‌కు పని నేర్పిన సీకోనే 1969 డిసెంబరు 25న ప్రపంచంలో తొలి క్వార్ట్జ్ చేతి వాచీ ‘ఆస్ట్రాన్’ను అమ్మకానికి తెచ్చింది. కీ ఇవ్వనక్కర్లేదు, వేళ దాదాపు తప్పదు. టాటాలు తమిళనాడు ప్రభుత్వంతో కలిసి 1984లో స్థాపించిన టైటాన్ హోసూరు నుంచి ఆ క్వార్ట్జ్‌నే సొగసుగా అమ్మింది. 1990ల్లో ఆల్విన్ ముక్కలైంది, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది.

వాచీలు సేకరించేవాళ్ళ అభిరుచి ఎప్పుడూ సరుకు విలువను బట్టి నడవదు. డిజైనర్ జెరాల్డ్ జెంటా గీయగా 1972లో వచ్చిన ‘రాయల్ ఓక్’ మామూలు ఉక్కు వాచీయే. ఎనిమిది మూలల చట్రానికి ఎనిమిది స్క్రూలు పైకే కనిపిస్తాయి. అయినా దాన్ని బంగారు వాచీ ధరకు అమ్మారు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనాను 2017లో న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ రకం డయల్ కొత్తగా వచ్చిన రోజుల్లో షాపుల్లో కదలని సరుకు. ఎండకు నలుపు వెలిసి గోధుమ రంగుకు తిరిగిన డయల్‌కు కొత్తదాని కన్నా ఎక్కువ ఇచ్చి కొనేవాళ్ళున్నారు. ఆ రంగు ఏ ఫ్యాక్టరీలోనూ వేయలేరు మరి.

మన దగ్గర జరుగుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం, నా బాధంతా అదే. పాత హెచ్.ఎం.టి. పైలట్‌లను పోగేసి, డయల్ గీకి, ఎరుపు, ఆకుపచ్చ రంగులు పూసి, కొత్త అక్షరాలు అచ్చువేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొన్న కుర్రవాడు మురిసిపోతాడు. ఒక అసలు వాచీ మాత్రం శాశ్వతంగా పోయినట్టే. అక్షరాలు కాస్త లావుగా, వంకరగా ఉన్నా, గంట గుర్తులకు ముళ్ళు సరిగ్గా కుదరకపోయినా అది తిరిగి రంగు వేసిన డయల్ అని అనుమానించాలి.

ఇంట్లో ఆల్విన్ ఉంటే ముందు దాన్ని నడిపించే ప్రయత్నం చేయండి. చాలాసార్లు లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, అంతే. పని తెలిసిన వాచీ మెకానిక్ విప్పి, కడిగి, నూనె వేస్తే మళ్ళీ కొట్టుకుంటుంది. గీతలు పడ్డ అద్దం మార్పించవచ్చు. డయల్ జోలికి పోవద్దని, కేసుకు పాలిష్ పట్టవద్దని ముందే చెప్పాలి. బంగారు పూత పలచన, ఒరిపిడికి లోపలి లోహం బయటపడుతుంది. దుకాణం ముద్ర, తేదీ ఉన్న గ్యారంటీ కార్డు దొరికితే వాచీతోనే దాచండి. పటెక్ ఫిలిప్ లాంటి స్విస్ కంపెనీలు పాత దస్త్రాలు తిరగేసి ఏ వాచీ ఏ ఏడాదిదో రాసిస్తాయి. ఆల్విన్‌కు ఆ కంపెనీయే లేదు. ఏ మోడల్ ఎప్పటిదో తేల్చాలంటే మన ఇళ్ళలో మిగిలిన అలాంటి కార్డులే దిక్కు.